మూలం ఏదో అట్ట మీద రాయండి
సారెగమ ఇండియా యాజమాన్యానికి ఒక బహిరంగ లేఖ



తెలుగు పాటలూ పద్యాలూ కీర్తనలూ ఉన్న పాత రికార్డుల్ని మళ్ళీ ఎల్పీలుగా వెయ్యండి. వేసినప్పుడు ఆ ధ్వనిని ఏ టేపు నుంచి, ఏ ప్లేటు నుంచి తీసుకున్నారో అట్ట వెనక రాయండి. నా కోరిక ఇంతే. దీనికి మీ ఆఫీసుకి ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది. కానీ గ్రామఫోన్ కంపెనీగా, హెచ్‌ఎంవీగా, 2000 సంవత్సరం నుంచి సారెగమగా మీ బీరువాల్లో చేరినవాటిలో మా తాతల కాలపు గొంతులున్నాయి. వాటి గురించిన మాట అందరి ముందూ జరగడం మంచిదని ఇలా రాస్తున్నాను.

ఇళ్ళల్లో రికార్డులు వినేవాళ్ళు మళ్ళీ పెరుగుతున్నారని మీకు చెప్పక్కర్లేదు. అమెరికాలో 2022లో ఎల్పీలు సుమారు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోతే సీడీలు 3 కోట్ల 30 లక్షల దగ్గర ఆగిపోయాయి. 1987 తర్వాత లెక్కలో రికార్డు సీడీని దాటడం అదే మొదలు. మన దేశంలో కూడా, ఎన్నో ఏళ్ళు మూతబడి ఉన్న పని మళ్ళీ మొదలై, ముంబయిలో 2024లో ఎల్పీలు నొక్కే ప్రెస్సు ఒకటి వచ్చింది. మీరూ హిందీ సినిమాల ఎల్పీలు కొన్నింటిని మళ్ళీ తెచ్చారు. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో టర్న్‌టేబుల్ కొనుక్కున్న తెలుగు పిల్లలు ముందు పింక్ ఫ్లాయిడ్ కొంటారు, తర్వాత ఇళయరాజాని వెతుక్కుంటారు, ఆ తర్వాత అమ్మమ్మ పాడుకునే ఫలానా పాట రికార్డు ఎక్కడైనా దొరుకుతుందా అని అడుగుతారు. అక్కడికొచ్చేసరికి వాళ్ళ చేతికి దక్కేది హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, అట్ట చినిగి, బూజు పట్టి, గీతలు పడ్డ పాత ప్లేటు. అదీ అదృష్టం బాగుంటే.

ఎల్పీ ధ్వని సీడీ కన్నా గొప్పదని వాదించడం నా ఉద్దేశం కాదు. కొలిచి చూస్తే సీడీలోనే గరగర తక్కువ, ధ్వని చెదరడం తక్కువ. ఎల్పీ దగ్గర నాకు నచ్చేవి వేరే. ఒక ముఖానికి ఇరవై నిమిషాలు, ఎవరో ఆలోచించి పెట్టిన వరస, ఒళ్ళో పెట్టుకుని చదువుకోవడానికి పన్నెండు అంగుళాల అట్ట. ముల్లు దించాక మధ్యలో లేచి పాట మార్చబుద్ధి కాదు. కూర్చుని వింటాం.

ఘంటసాల భగవద్గీతనే తీసుకోండి. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయారు. అది ఆయన చివరి కాలపు పని. శ్లోకం పాడి, దాని తాత్పర్యం తెలుగులో తనే చెబుతారు. ఇవాళ మనకది గుడి మైకులో వినిపిస్తుంది. అంతకన్నా ఎక్కువగా చావింటి ముందు, అంతిమయాత్ర బండి మీద వినిపిస్తుంది. అశుభమని చాలా ఇళ్ళల్లో దాన్ని పెట్టనివ్వరు కూడా. మనకింత దగ్గరివాడు పాడిన గీతకు ఈ గతి పట్టడం నాకు నిజంగా బాధ. బాకా స్పీకరు గొంతులోని కింది భాగాన్ని మింగేసి పైనున్న కీచునే బయటికి విసురుతుంది. అదే ఎల్పీ ఇంట్లో, మనిషి మాట్లాడేంత ధ్వనిలో పెట్టుకుని వినండి. తాత్పర్యం చెప్పే చోట ఆయన గొంతు ఎంత కిందికి దిగుతుందో, వాక్యం చివర ఎలా ఊపిరి వదులుతారో, మళ్ళీ శ్లోకం ఎత్తుకునే ముందు శ్రుతిలోకి ఎలా చేరుకుంటారో తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని ఒక పెద్దాయన మనకే చెబుతున్నట్టుంటుంది. ఆ రికార్డును చావింటి నుంచి మళ్ళీ హాల్లోకి తెచ్చే పని మీరు చెయ్యగలరు.

అయితే ఎలా తెస్తారన్నది నాకు ముఖ్యం.

ఎల్పీ తయారీ మీకు తెలియనిది కాదు, చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. టేపు మీది ధ్వనిని లాకర్ పూసిన అల్యూమినియం పళ్ళెం మీద గాడిగా కోస్తారు. దానికి లోహపు పూత పట్టించి ఒక అచ్చు తీస్తారు. ఆ అచ్చుకి మరో అచ్చు, దాన్నుంచి స్టాంపర్లు. రెండు స్టాంపర్ల మధ్య వేడి వినైల్ ముద్ద నలిగి రికార్డవుతుంది. ఈ వరసకు మొట్టమొదట అందించినది అసలు టేపా, టేపుకి నకలా, సీడీల కాలంలో చేసిన ఫైలా, ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన పాటా అన్నది రికార్డుని ఎంత తిప్పి చూసినా తెలియదు. 180 గ్రాముల బరువు, నిగనిగలాడే అట్ట, ‘రీమాస్టర్డ్’ అని బంగారు రంగు స్టిక్కరు అన్నిటికీ ఒకేలా ఉంటాయి.

ఈమధ్య ఒక ఎల్పీ కొన్నాను. మీది కాదు, ఎవరిదో చెప్పను. పాతకాలపు భక్తిగీతాలు. మూడు వేలు పోసి తెచ్చుకుని ముల్లు పెట్టగానే గొంతు ఏదో దుప్పటి కప్పుకున్నట్టుంది. తాళాల చప్పుడులో మోత లేదు, పొడిగా గీసుకుపోతోంది. ‘శ’కీ ‘స’కీ తేడా పోయింది. అనుమానమొచ్చి కంప్యూటర్లోకి ఎక్కించి స్పెక్ట్రమ్ చూశాను. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తెరతో కోసినట్టు ఆగిపోయింది, ఆపైన ఖాళీ. తక్కువ సైజుకి కుదించిన ఎంపీ3 ఫైలు వదిలే ఆనవాలది. ఫోనులో ఉచితంగా వచ్చే పాటని వినైల్ మీద నొక్కి అమ్మారన్నమాట. అట్ట మీద మూలం రాయాల్సి ఉంటే ఆ పని చెయ్యడానికి వాళ్ళకి చెయ్యాడేది కాదు.

అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే పేరున్న సంస్థ ఉంది. అసలు టేపు నుంచి నేరుగా కోసినవని జనం నమ్మి కొన్న దాని రికార్డుల్లో మధ్యలో ఒక డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి పరిహారం ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఆ రికార్డుల ధ్వనిని మెచ్చుకుంటూ వచ్చినవాళ్ళే అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నారు, ముందే చెప్పి ఉంటే ఏం పోయేదని. అదే దేశంలో జాజ్ రికార్డుల కంపెనీ బ్లూ నోట్ వాళ్ళు 2019లో మొదలుపెట్టిన టోన్ పోయెట్ వరసలో అసలు అనలాగ్ టేపుల నుంచి ఇంజనీరు కెవిన్ గ్రే కోశారని చెప్పే అమ్ముతారు. కొనేవాళ్ళు ఆ మాట చూసే కొంటారు.

మూలం చెప్పడం మనకి కొత్త మర్యాదేం కాదు. బ్రౌన్ దొర వేమన పద్యాలు అచ్చువేసేముందు ఊరూరా తాళపత్రాలూ కాగితపు ప్రతులూ తెప్పించి, పండితుల చేత ఒకదానితో ఒకటి సరిచూపించాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటి పరిష్కర్తలు ఏ ప్రతి ఎక్కడ దొరికింది, ఏ ఆకు చిరిగింది, ఏ పాఠం ఎందుకు తీసుకున్నాం అన్నది పీఠికలో చెప్పాకే పద్యం దగ్గరికి పోనిచ్చేవారు. పాత రికార్డుని మళ్ళీ వెయ్యడమూ పరిష్కరణే. ప్రతి ఎవరిది, పాఠం ఏది, చిరిగిన చోట ఏం చేశారు అన్న పీఠిక మీ ఎల్పీకీ ఉండాలి.

తాళపత్రం పోతే పద్యం ఇంకెవరి నోట్లోనైనా మిగలొచ్చు. ధ్వనికి ఆ వెసులుబాటు లేదు. అన్నమయ్య సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద శతాబ్దాలు నిలిచాయి. సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, ఆయన ఎలా పాడాడో మాత్రం లేదు. ఇవాళ మనం పాడుకుంటున్న వరుసలు రాళ్ళపల్లి, నెడునూరి, బాలకృష్ణప్రసాద్ గార్ల లాంటి విద్వాంసులు ఈ కాలంలో కట్టినవి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ మీ దగ్గర అయిదు ఎల్పీలుగా వచ్చింది. నెడునూరి కట్టిన వరుసల్లో కొన్ని ఆమె గొంతులో అక్కడున్నాయి. రాగిరేకు మొయ్యలేనిది మోసిన రికార్డు అది. దాన్ని మళ్ళీ వేసేటప్పుడు ఎవరి దగ్గరో ఉన్న నకలుకి నకలు వాడితే, వచ్చే తరం దాన్నే అసలనుకుంటుంది.

మన రికార్డుల మూలాలు కూడా ఒక్క తీరుగా ఉండవు. టేపు రాకముందు ధ్వనిని నేరుగా మైనపు పళ్ళెం మీద కోసేవాళ్ళు. ఆ కాలపు వాటికి మిగిలితే లోహపు అచ్చులు మిగలాలి, లేదంటే జనం ఇళ్ళల్లో ఉన్న లక్క ప్లేట్లే గతి. టంగుటూరి సూర్యకుమారి గొంతుతో ఊరూరికీ చేరిన ‘మా తెలుగు తల్లికి’, సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి పాడిన లలితగీతాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు, కపిలవాయి రామనాథశాస్త్రి నాటక పద్యాలు ఈ కోవలోవి. వీటిని ఎల్పీ మీదికి తెచ్చే పని టేపుని ఎల్పీ చెయ్యడం కన్నా చాలా కష్టం. ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క ప్లేటు చాలు.

ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేటు నా దగ్గర రెండు కాపీలున్నాయి. 78 ప్లేటు ఒక ముఖం మూడు, మూడున్నర నిమిషాలే పడుతుంది కాబట్టి పద్యాలు రెండు ముఖాలకు సర్దారు. మొదటి కాపీ బాగా వాడిన ఇంట్లోంచి వచ్చింది. దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే, గొంతు పైస్థాయికి వెళ్ళే చోట్ల గాడి నలుపు పోయి బూడిదరంగులో కనిపిస్తుంది. పాత గ్రామఫోను సౌండు బాక్సు వంద గ్రాములకి పైగా బరువుతో ఉక్కు ముల్లుని గాడిలోకి నొక్కేది. ఇప్పటి టర్న్‌టేబుల్ ముల్లు బరువు రెండు గ్రాముల చిల్లర. ఆ పాత ముల్లు బరువు కింద, ఎక్కడ పాట గట్టిగా ఉందో అక్కడే గాడి గోడ ఒరిసిపోయింది. అంటే ఇష్టంగా విన్న చోటే అరిగింది. ఆ కాపీ పెడితే సరిగ్గా మనసు కరిగే చోట ఘంటసాల గొంతు చిట్లుతుంది. మనకి అలవాటైపోయి, పాత రికార్డు కదా, అంతేలే అనుకుంటాం.

రెండో కాపీ ఎవరూ పెద్దగా వాడనిది. దాంట్లో అదే చోట గొంతు నిండుగా నిలబడుతుంది. వెనక వాద్యాలు ఏం చేస్తున్నాయో వినపడుతుంది. ఇక్కడితో అయిపోలేదు. 78కి వాడే ముల్లు మొన వ్యాసార్ధం సాధారణంగా 76 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఎల్పీ ముల్లుది పాతిక మైక్రాన్లకు మించదు. నా దగ్గర 78 ముళ్ళు రెండున్నాయి, ఒకటి కాస్త సన్నం. అరిగిన మొదటి కాపీని ఆ సన్నపు ముల్లుతో పెడితే అది గాడిలో ఇంకొంచెం కిందికి దిగి, పాత ఉక్కు ముల్లు తాకని గోడ మీద నడుస్తుంది. చిట్లడం సగానికి సగం తగ్గింది. యంత్రంతో ఏ మరమ్మతూ చెయ్యలేదు, ముల్లు మార్చానంతే. ఇంట్లో కూర్చుని నాలాంటివాళ్ళు చేసేదే ఇంత ఉంటే, అనుభవమున్న ఇంజనీరుకి నాలుగు కాపీలూ ఆరు ముళ్ళూ ఇస్తే ఏం రాబట్టగలడో ఆలోచించండి. అందుకే మీరు సేకర్తల్ని అడగాలి. తెనాలిలో, రాజమండ్రిలో, చెన్నైలో, హైదరాబాదులో ఇళ్ళనిండా ప్లేట్లున్నవాళ్ళు ఉన్నారు. మంచి కాపీ ఎవరి దగ్గరుందో వాళ్ళకే తెలుసు. అడిగితే ఇస్తారు. తీసుకున్నాక అట్ట మీద ఆ సంగతి చెప్పడం ధర్మం.

ఇంకో చిక్కు శ్రుతి. 78 అని పేరే కానీ, తొలినాళ్ళ ప్లేట్లన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్లతో కోసినవి కావు. 80 చుట్లతో కోసినదాన్ని 78తో తిప్పితే, ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ ఉన్న దూరంలో దాదాపు సగం మేర శ్రుతి దిగిపోతుంది. లయా మందగిస్తుంది. ద్వారం వారి ఫిడేలుకి ఇది జరిగితే వాయిద్యం నాదమే మారిపోతుంది. వేగం తేల్చేటప్పుడు ఇంజనీరు పక్కన సంగీతం తెలిసిన మనిషి కూర్చోవాలి. ఏ శ్రుతి అనుకుని ఏ వేగం ఖాయం చేశారో ఒక ముక్క రాయాలి. రేపు ఎవరైనా కాదని రుజువు చేస్తే దిద్దుకోవచ్చు.

పద్యాల రికార్డు వేసేవాళ్ళకి మాత్రం ఒక ప్రత్యేక విన్నపం. ఎల్పీ తిరిగే వేగం ఒకటే అయినా ముల్లు కింద గాడి కదిలే వేగం ఒకటి కాదు. బయటి అంచు దగ్గర సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు, లేబుల్ దగ్గరికి చేరేసరికి 20 చిల్లర. అంత ఇరుకులో పైస్థాయి ధ్వని చెదిరిపోతుంది. మన నాటక పద్యం చూస్తే చివరి పాదం అయ్యాకే రాగం తీస్తారు, గొంతు తారస్థాయికి ఎక్కేది అక్కడే. ‘వన్స్ మోర్’ పడేదీ అక్కడే. ఖర్చు కలిసొస్తుందని ముఖానికి ఇరవై ఆరు, ఇరవై ఏడు నిమిషాలు కుక్కితే ఆఖరి పద్యం రాగం సరిగ్గా లేబుల్ అంచున, రికార్డు మొత్తంలో అతి పాడు చోట పడుతుంది. ముఖానికి పద్దెనిమిది నిమిషాలు దాటకండి. ఆఖర్న మంద్రంగా ముగిసేదేదైనా పెట్టండి. రఘురామయ్య గారి ఈలపాటని మాత్రం దయచేసి మొదట్లోనే పెట్టండి.

గరగర తీసెయ్యడం గురించి రెండు మాటలు. టిక్కు టిక్కుమనే గీతల చప్పుళ్ళు తీస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. వెనక సన్నగా సాగే ‘స్’ మనే ధ్వనిని మొత్తం తుడిచేద్దామనుకున్నప్పుడే ప్రమాదం. మన శ, ష, స, చ, ఛ అన్నీ ఆ సన్నటి ధ్వనుల్లోనే బతుకుతాయి. పద్యం స్పష్టంగా పలకడమే విద్య అనుకున్న గాయకుల నోట్లోంచి హల్లుల అంచులు గొరిగేస్తే ఇంకేం మిగులుతుంది? గొంతు వెనక గది గాలి కూడా పోయి, పాట ఎక్కడా లేని చోట పాడినట్టు అవుతుంది. మోనోలో ఉన్నదాన్ని కుడి ఎడమలుగా విడదీసి స్టీరియో అనడం, కొత్తగా డప్పులు కలపడం మాట అసలు ఎత్తొద్దు. మోనోని మోనోగానే కొయ్యండి. వినేవాళ్ళకి ఏ లోటూ రాదు.

సినిమా పాటల దగ్గర పాఠం ఏదన్నది మరో ప్రశ్న. ‘జగదేకవీరుని కథ’లో ‘శివశంకరీ’ అంత నిడివి పాట 78 ప్లేటు ఒక ముఖానికి పట్టే వీలే లేదు. ప్లేటు కోసం పాటల్ని రెండుగా చీల్చడం, కుదించడం, ఒక్కోసారి విడిగా మళ్ళీ పాడించడం ఆ రోజుల్లో మామూలే. అందుకే ప్లేటులో విన్న పాటా తెరమీద విన్న పాటా అన్నిసార్లూ ఒకటి కావు. రెంటికీ విలువుంది. ఎల్పీ మీద వేసింది ఏదో చెప్పి వెయ్యండి.

ఇక పేర్లు. 1949 నాటి ‘మహల్’ సినిమా పాట రికార్డు మీద పాడిన లతా మంగేష్కర్ పేరు బదులు సినిమాలో పాత్ర పేరు కామిని అని వేశారన్నది అందరికీ తెలిసిన కథే. గాయకుల సంగతే అలా ఉంటే వాద్యకారుల్ని ఎవరు పట్టించుకున్నారు? తెలుగు పాటల్లో వీణ ఎవరిది, షెహనాయి ఎవరిది, ఆ ఫ్లూటు వాయించిందెవరు అన్నది మద్రాసు స్టూడియోల్లో పనిచేసిన కొద్దిమంది పెద్దల జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా లేదు. మీ రికార్డింగు పుస్తకాల్లో తేదీలూ పేర్లూ కొన్నయినా ఉండి ఉండాలి. అవి అట్ట మీదికి రావాలి. లేబుల్‌కి ముందు నున్నటి వలయంలో చెక్కి ఉండే మాతృక సంఖ్య కూడా వెయ్యండి. దాంతోనే ఏ ప్లేటు ఏ అచ్చుదో సేకర్తలు పోల్చుకుంటారు. అట్ట వెనక రాత తెలుగులో ఉండాలి. నా దగ్గరున్న పాత తెలుగు ఎల్పీల్లో ఎక్కువ వాటికి వెనక వివరణ ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు పద్యం విని, దాని కవి ఎవరో ఇంగ్లీషులో చదువుకున్నాం. సాహిత్యం మొత్తం తెలుగు లిపిలో, తప్పుల్లేకుండా, ముసలివాళ్ళకి కనిపించేంత అక్షరంలో వేస్తే, ఆ ఒక్క కాగితం కోసం కొనేవాళ్ళుంటారు.

వ్యాపారం మాట మీరు ఎత్తక ముందే నేనే ఎత్తుతాను. మన కాపీరైట్ చట్టంలో ధ్వనిముద్రణ మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1950ల నాటి ప్లేట్ల మీద ఆ హక్కు ఇప్పటికే తీరిపోయింది. కవికీ స్వరకర్తకీ ఉండే హక్కులు వేరే లెక్క, అవి వాళ్ళ కుటుంబాలకు దక్కవలసిందే. కానీ ప్లేటు మీది ధ్వని వరకు చూస్తే, రేపు ఎవరైనా సరే ఇంటర్నెట్‌లోంచి దించుకుని ఎల్పీ నొక్కి అమ్మొచ్చు. అలాంటివాళ్ళ దగ్గర ఉండనిదీ మీ దగ్గరే ఉండగలిగిందీ ఏమిటి? అసలు టేపు, లోహపు అచ్చు, రికార్డింగు పుస్తకం. అందువల్ల మూలం రాయడం మీకు భారమని నేననుకోను. నకిలీ పక్కన మీ రికార్డుని నిలబెట్టి చూపించేది ఆ నాలుగు వాక్యాలే.

ఎంతమంది కొంటారన్న సందేహానికి కూడా మన దగ్గర పాత దారి ఉంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారూ మిత్రులూ విజ్ఞానచంద్రికా మండలి పెట్టి, చందాదారుల్ని కూడగట్టుకుని పుస్తకాలు వేశారు. మీరూ జాబితా ప్రకటించి ముందుగా డబ్బు కట్టించుకోండి. అయిదు వందల మంది చేరితే నొక్కండి, చేరకపోతే తిరిగి ఇచ్చెయ్యండి. మొదట ఘంటసాల ప్రైవేటు పద్యాలు, తర్వాత ‘పంచరత్నమాల’ అయిదు ఎల్పీలూ ఒక పెట్టెలో, ఆపైన ద్వారం వారి 78లు. లలితగీతాలకు ఒక పది అంగుళాల రికార్డు ముచ్చటగా ఉంటుంది. ఘంటసాల శతజయంతి 2022లో వచ్చి వెళ్ళిపోయింది. ఇంకో శతజయంతి దాకా ఆగే ఓపిక ఈ టేపులకి ఉండదు. టేపు మీది పూత జిగురెక్కి రాలిపోతుంది, మన సముద్రతీరపు తేమలో ఇంకా త్వరగా. హాలీవుడ్‌లో 2008లో యూనివర్సల్ స్టూడియోల ఆవరణలో మంటలు లేచి మాస్టర్ టేపులు ఎన్నో కాలిపోతే, అందులో ఏమేం పోయాయన్నది పదేళ్ళకి పైగా బయటివాళ్ళకి తెలియనే లేదు. 2019లో ఒక పత్రిక రాస్తే తెలిసింది.

అందుకని ఎల్పీల కన్నా ముందు ఒక పని చెయ్యమని అడుగుతున్నాను, దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. మీ దగ్గర తెలుగుకి సంబంధించి ఏ టేపులు మిగిలాయి, ఏ లోహపు అచ్చులు మిగిలాయి, ఏవి పోయాయి, ఆ జాబితా ప్రకటించండి. హెచ్‌ఎంవీ, కొలంబియా, ట్విన్ లేబుళ్ళ వారీగా, సంఖ్యలతో సహా. ‘లేదు’ అని రాసిన ప్రతి గడి ఎదుటా, నా దగ్గర ఉంది అంటూ లేచే మనిషి ఎక్కడో ఒకచోట ఉంటాడు. నా దగ్గరున్న ప్లేట్ల పట్టిక సిద్ధం చేసి పెట్టుకున్నాను. మీ కలకత్తా ఆఫీసులో దాన్ని ఎవరికి పంపాలో చెబితే ఈ వారంలోనే పంపిస్తాను.

ఇట్లు,
హైదరాబాదు నుంచి
ఒక శ్రోత